రాహుదర్శనం: కన్ను మూయుటయా, కన్ను కాచుకొనుటయా?



ప్లవంగ నామ సంవత్సర ఆషాఢ అమావాస్య, సోమవారం, పుష్యమీ నక్షత్రం. ఆంగ్లమానంలో 2027 ఆగస్టు 2. ఆనాడు కర్కాటక రాశిలో కేతుగ్రస్త సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించనున్నది. అట్లాంటిక్ సముద్రంలో మొదలై, స్పెయిన్ దక్షిణ తీరం, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియాల మీదుగా చంద్రుని పూర్ణచ్ఛాయ సాగిపోవును. ఈజిప్టులోని లక్సర్ ప్రాంతంలో పూర్ణగ్రాసం ఆరు నిముషాల ఇరవై మూడు సెకన్ల వరకు నిలుచును. ఇంత దీర్ఘమైన పూర్ణగ్రాసం ఒక మనిషి జీవితకాలంలో పలుమార్లు లభించేది కాదు.

దీనిని గురించి ఆస్తికుల నుండి ప్రశ్నలు ఇప్పటినుండే వస్తున్నవి. జెడ్డాలో ఉద్యోగం చేస్తున్న కుమారుని వద్దకు వెళ్ళవలెనా వద్దా అని ఒక తల్లి అడిగినది. లక్సర్ యాత్రకు టికెట్లు కొనదలచిన దంపతులు "అయ్యవారూ, గ్రహణం చూచుటకే బయలుదేరడం దోషమా?" అని అడిగినారు. వారికి విడివిడిగా చెప్పిన సమాధానాన్ని ఇక్కడ శాస్త్రాధారంతో సమగ్రంగా వ్రాస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెబుతాను. నేత్రరక్షతో, నియమంతో గ్రహణాన్ని దర్శించుట ధర్మవిరుద్ధం కాదు. రక్షణ లేకుండా చూచుట మాత్రం శాస్త్రవిరుద్ధమే, ప్రమాదకరమే. ఈ రెంటినీ కలగాపులగం చేసి "చూడనే కూడదు" అని మనం ఇంటింటా చెప్పుకుంటూ వచ్చినందువల్ల పిల్లలకు మేలు కంటె కీడే ఎక్కువ జరుగుతున్నదని నా భావన.

నిషేధవచనం ఉన్నమాట నిజం. మనుస్మృతి నాల్గవ అధ్యాయంలో స్నాతకుని వ్రతాలు చెప్పేచోట సూర్యుని ఐదు స్థితులలో చూడరాదని చెప్పబడినది. ఉదయిస్తున్నప్పుడు, అస్తమిస్తున్నప్పుడు, గ్రహణగ్రస్తుడై ఉన్నప్పుడు, నీటిలో ప్రతిబింబించినప్పుడు, నడిమింట ఉన్నప్పుడు చూడరాదు. దీనిని ఉదహరించేవారు మూడవదానిని మాత్రమే పట్టుకొని తక్కిన నాలుగింటిని విడిచిపెడుతున్నారు. ఉదయసూర్యుని చూచుట నిషిద్ధమైతే ప్రాతఃసంధ్యలో ప్రాఙ్ముఖుడై అర్ఘ్యమిచ్చి ఉపస్థానం చేసే ద్విజుడు ఏమి చేస్తున్నట్లు? నడిమింటి సూర్యుని చూచుట నిషిద్ధమైతే మాధ్యాహ్నికంలో వ్యోమముద్ర పట్టి, వ్రేళ్ళ సందున ఆదిత్యుని క్షణకాలం దర్శించే ఆచారం ఎక్కడిది? నూరు శరత్తులు చూడగలుగుదుముగాక అని కోరే మంత్రాన్ని ఆ దర్శనవేళనే పఠిస్తున్నాము గదా. చూపు నిలవవలెనని కోరుతూ చూపును పోగొట్టుకొనే పని ఋషులు విధించి ఉండరు.

కనుక అక్కడి నిషేధం దృష్టి నిలిపి చూచుటను గురించినదని, దాని ప్రయోజనం నేత్రరక్ష అని నేను గ్రహిస్తున్నాను. అది అదృష్టార్థమైన నిషేధమని, కారణం వెదకరాదని వాదించే మీమాంసకులు ఉండవచ్చును. వారితో నాకు పేచీ లేదు. అయితే దృష్టప్రయోజనం స్పష్టంగా కనబడుతున్నచోట అదృష్టాన్ని కల్పించనక్కరలేదనుట కూడ మీమాంసకుల మాటయే.

ఇక రెండవ విషయం. గ్రహణస్నానాన్ని, దానాన్ని విధించే స్మృతులు వాడిన పదం ఏది? రాహుదర్శనం. రాహువు కనబడుటయే నిమిత్తం. గ్రహణం ఏ దేశంలో కనబడునో అక్కడివారికే స్నానదాననియమాలు. కనబడని దేశంలో పట్టింపు లేదు. 2026 ఆగస్టు 12న గ్రీన్లాండ్, ఐస్లాండ్, స్పెయిన్ దేశాలలో సంపూర్ణ గ్రహణమున్నది. మన దేశంలో అది కనబడదు, కనుక ఇక్కడ మనకు ఆచరణ లేదు. ఈ నియమానికి మూలం దర్శనశబ్దమే. మబ్బు పట్టి కంటికి కనబడకపోతే శాస్త్రగణితం వల్ల స్పర్శమోక్షకాలాలు తెలుసుకొని స్నానదానాదులు ఆచరించవలెనని ధర్మసింధుకారుడు చెప్పినాడు. అంటే చాక్షుషదర్శనం ముఖ్యపక్షం, గణితజ్ఞానం దానికి బదులు. చూచుటయే పాపమైతే శాస్త్రకారులు ఆ పదాన్ని నిమిత్తంగా పెట్టి, అది కుదరనప్పటి సంగతిని అంత శ్రద్ధగా విచారించి ఉండరు.

మూడవది, జ్యోతిషం. ఋగ్వేదం ఐదవ మండలంలో స్వర్భానుడు సూర్యుని తమస్సుచేత కప్పగా, అత్రిమహర్షి నాల్గవ బ్రహ్మముచేత మరుగైన ఆ సూర్యుని కనుగొన్నాడని ఉన్నది. ఆ సూక్తంలో దేవతలు, మనుష్యులు దిక్కుతోచక నిలిచియుండగా ఒక్కడు మాత్రం చీకటిలో సూర్యుని వెదికినాడు. అత్రివంశీయులు ఈ జ్ఞానానికి అధికారులైనది ఆ వెదకుటవల్లనే. తరువాత క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గోళపాదంలో, చంద్రుడు సూర్యుని కప్పుననీ, భూచ్ఛాయ చంద్రుని కప్పుననీ స్పష్టంగా ఉన్నది. కేరళదేశీయుడైన పరమేశ్వరుడు అనేక దశాబ్దాలు గ్రహణాలను ప్రత్యక్షంగా పరిశీలించి, పూర్వగణితానికి ఆకాశానికి వచ్చిన తేడాను దిద్ది, 1431లో దృగ్గణితం రచించినాడు. ఆ గ్రంథం పేరే చెబుతున్నది: దృక్కుతో సరిపోయే గణితం. ఇవాళ మన ఆలయపు గోడకు అంటించే గ్రహణకాల పట్టికలో స్పర్శ ఇన్ని గంటల ఇన్ని నిముషాలకని నమ్మకంగా వ్రాయగలుగుతున్నామంటే, ఎవరో ఎప్పుడో కన్నెత్తి చూచి, కాలం గుర్తించి, లెక్క దిద్దినందువల్లనే.

ఈ పరంపర తెలుగుదేశానికి పరాయిది కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని విశ్లేషించినాడు. మరునాడు గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూడగల పద్ధతిని అక్కడే కనుగొన్నాడు. హీలియం అనే వాయువు ఉనికి బయటపడిన కథకు ఆ గ్రహణమే ఆరంభం. అదే దినాన మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో, ఆ వేధశాలలోనే పనిచేస్తున్న చింతామణి రఘునాథాచార్యులు వనపర్తిలో గ్రహణాన్ని పరిశీలించినారు. రఘునాథాచార్యులది పంచాంగకర్తల వంశం. ఊర్ధ్వపుండ్రం ధరించి, దూరదర్శినికి కన్ను ఆనించి, పంచాంగం దృక్సిద్ధం కావలెనని జీవితమంతా పోరాడిన పండితుడు. ఆయనను మనం మరచిపోయి, "పూర్వులు గ్రహణం చూచేవారు కారు" అనుకుంటున్నాము.

1980 ఫిబ్రవరి 16న ఛాయామార్గం రాయచూరు సీమ మీదుగా వచ్చి పాలమూరు, నల్లగొండ ప్రాంతాలను దాటి కోణార్కం వైపు సాగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలకు దేశవిదేశాల శాస్త్రవేత్తలు చేరినారు. ఆనాడు అపరాహ్ణంలో మా వీధి అంతా తలుపులు బిగించుకొన్నది. పిల్లలమైన మేము చీకటి గదిలో కూర్చొని, కిటికీ సందులోనుండి పడిన వెలుగు నేలపై నెలవంకలుగా మారుటను చూచినాము. అది సూర్యబింబపు ప్రతిచ్ఛాయ అని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పివుంటే అంతకంటె సురక్షితమైన గ్రహణదర్శనం మరొకటి లేదని అప్పుడే తెలిసేది.

సాటి అర్చకులు ఒక ఆక్షేపణ చేస్తారు. దానిని తేలికగా తీసివేయలేను. "సామాన్యులకు సూక్ష్మాలు చెబితే పాటించరు. చూడవచ్చునన్న మాట మాత్రం వినబడి, అద్దాల మాట గాలికి పోవును. మొత్తంగా వద్దన్నప్పుడే కళ్ళు నిలిచినవి" అని వారి వాదం. ఒకప్పుడు ఇది చాలావరకు నిజమే. తలుపులు వేస్తే పిల్లలు లోపలే ఉండేవారు. ఇప్పుడు ప్రతి పిల్లవాని చేతిలో గ్రహణపు దృశ్యాలు కదులుతున్నవి. వద్దంటే మేడమీదికి దొంగతనంగా వెళ్ళి చూస్తాడు. దొంగతనంగా చూచేవానికి సరియైన అద్దం దొరకదు. ఆసుపత్రి ఎక్సరే ఫిల్మో, మసి పట్టించిన గాజుముక్కో, తండ్రి నల్లకళ్ళజోడో దొరుకును. వాటిలో ఏదీ కంటిని కాపాడదు. నిషేధం ఒక్కటే చెప్పి ఉపాయం చెప్పకపోతే మనం ఆ పిల్లవానిని ఆ గాజుముక్కకే అప్పగిస్తున్నాము.

మరొక ప్రక్కన, గ్రహణవేళ కూడలిలో నిలిచి ఫలహారాలు పంచి, మన నియమాలను వెక్కిరించుటయే విజ్ఞానమనుకొనేవారు ఉన్నారు. ఆకాశం వైపు వారూ చూడరు, మనవైపే చూస్తారు. వారిని గురించి ఇంతకంటె వ్రాయనక్కరలేదు.

ఇప్పుడు నేత్రరక్ష. ఇది సవిస్తరంగా చెప్పవలసిన విషయం.

దృష్టిపటలానికి నొప్పి తెలియదు. సూర్యకాంతి దానిని కాలుస్తున్నప్పుడు కన్ను మంట పుట్టి హెచ్చరించదు. చూచినంతసేపు బాగానే ఉండి, కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మరునాటికి, చూపు మధ్యలో మచ్చ ఏర్పడినట్లు తెలియును. గ్రహణసమయంలో సూర్యునిలో కొత్త విషమేదీ పుట్టదు. మామూలు దినాన తేజస్సు మనలను తలదించుకొనేటట్లు చేయును. గ్రహణవేళ వెలుగు తగ్గి కంటిపాప విచ్చుకొనును, కుతూహలం తలెత్తించును, మిగిలిన చిన్న అంచు మాత్రం అంతే తీవ్రతతో కాల్చుచుండును. సూర్యుడు పూర్ణచంద్రునికంటె సుమారు నాలుగు లక్షల రెట్లు ప్రకాశవంతుడు. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు కప్పబడినా మిగిలిన ఒక్క పాలు నాలుగు వేల పూర్ణచంద్రులతో సమానం. అందుచేత "మా ఊరిలో తొంభైతొమ్మిది శాతం, దాదాపు సంపూర్ణమే" అనేవారికి ఆ 'దాదాపు' అనే మాటలోనే ప్రమాదమున్నది.

గ్రహణదర్శనానికి తగిన కళ్ళజోళ్ళు అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రకారం తయారగుచున్నవి. అవి సూర్యకాంతిలో ముప్పై వేల వంతులలో ఒక వంతుకు మించి లోనికి రానీయవు. ఇంటిలో పెట్టుకొని చూస్తే విద్యుద్దీపం కూడ సరిగా కనబడదు. అదే వాటికి గుర్తు. గీత పడినా, చిల్లి పడినా, మడత నలిగినా పారవేయవలెను. వెల్డింగు చేసేవారి అద్దాలలో 14వ నంబరుది పనికివచ్చును. బజారులో విరివిగా దొరికే తక్కువ నంబరువి పనికిరావు. ఈ కళ్ళజోడు పెట్టుకొని బైనాక్యులర్లలోనుండో, దూరదర్శినిలోనుండో, కెమెరాలోనుండో చూడరాదు. అవి కాంతిని ఒకచోట కూర్చి అద్దపు పొరను క్షణంలో దహించును. వాటికి వేరే సౌరఫిల్టరు ఉండవలెను. అది కంటివైపు గాక సూర్యునివైపు, ముందుభాగాన బిగించవలెను.

పళ్ళెంలో పసుపునీటిని గురించి ప్రత్యేకంగా చెప్పవలసియున్నది, ఎందుకంటె ఆ పళ్ళాన్ని పెట్టేది మనమే. పసుపునీటిలోనో, గోమయం కలిపిన నీటిలోనో గ్రహణాన్ని చూడమని పెద్దలు చెప్పినారని అనేక గృహాలలో వాడుక. నీటి ఉపరితలం పైనుండి పడిన కాంతిలో నూటికి సుమారు రెండు పాళ్ళను ప్రతిఫలింపజేయును. కళ్ళజోడు అనుమతించేదానికంటె అది కొన్ని వందల రెట్లు ఎక్కువ. పసుపు కలిపినందువల్ల పళ్ళెం అడుగు కనబడదు, అంతే. పైపొర మీదనుండి వచ్చే వెలుగు తగ్గదు. సూర్యుడు వాలినకొద్దీ ఆ ప్రతిఫలనం ఇంకా పెరుగును. ఇది ఆధునికులు తెచ్చిన అభ్యంతరం అనుకొనవలదు. నీటిలోని సూర్యుని చూడవద్దని మనువు వేరుగా, ప్రత్యేకించి చెప్పినాడని పైన వ్రాసితిని. గ్రహణాన్ని చూడవద్దన్న మాటను పట్టుకొని, అదే వాక్యంలోని నీటిమాటను విడిచి, ఆ నీటిలోనే గ్రహణం చూచుట ఏ శాస్త్రానుసారమో నాకు బోధపడదు.

అన్నిటికంటె సులభమైనది మన చేతిలోనే ఉన్నది. సూర్యునికి వీపు పెట్టి నిలిచి, మాధ్యాహ్నికంలో వలె రెండు చేతుల వ్రేళ్ళను అడ్డదిడ్డంగా జోడించి, ఆ చిన్న సందులగుండా వెలుగును నేలపై పడనీయండి. ప్రతి సందు ఒక సూర్యబింబాన్ని, గ్రహణమున్నంత మేర కోసివేసినట్లుగా, నేలపై చిత్రించును. వ్రేళ్ళ సందులోనుండి సూర్యుని వైపు చూడరాదు, నేలనే చూడవలెను. వేపచెట్టు క్రింద, రావిచెట్టు క్రింద ఆకుల సందులు కూడ అదే పని చేయును. జల్లెడ పట్టినా చాలును. చిన్నపిల్లలకు, శుక్లాలకు శస్త్రచికిత్స చేయించుకొన్న వృద్ధులకు, కళ్ళజోడు నిలకడగా పెట్టుకోలేనివారికి నేను చెప్పేది ఇదే మార్గం.

సంపూర్ణ గ్రహణంలో ఒక్క ఘట్టం మాత్రం వేరు. సిద్ధాంతగ్రంథాలు సంపూర్ణ గ్రహణానికి ఐదు దశలు చెబుతున్నవి: స్పర్శ, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం. బింబం పూర్తిగా కప్పబడిన క్షణం నిమీలనం, అంటే కన్ను మూయుట. తిరిగి మొదటి కిరణం వెలువడిన క్షణం ఉన్మీలనం, కన్ను తెరచుట. నేత్రరక్షకు ఇంతకంటె చక్కని సూత్రం నాకు కనబడలేదు. ఆదిత్యుడు కన్ను మూసినప్పుడు మనం కళ్ళజోడు తీయవచ్చును; ఆదిత్యుడు కన్ను తెరవగానే మనం కళ్ళజోడు పెట్టుకొనవలెను. నిమీలనానికి ముందు చివరి కిరణం ఉంగరపు వజ్రంలాగ మెరయును. ఆ మెరుపు పూర్తిగా ఆరిన తరువాతనే అద్దం తీయవలెను. అప్పుడు కనబడే శ్వేతప్రభామండలం, దానినే కరోనా అంటారు, ఇంచుమించు పూర్ణచంద్రుని పాటి వెలుగు కలది; దానిని చూచుటకు అద్దం అక్కరలేదు, అద్దంతో చూస్తే అది కనబడనే కనబడదు. అందరూ పొరపడేది ముగింపులో. ఆరు నిముషాలు చీకటికి అలవాటుపడి విచ్చుకొన్న కంటిపాపపై ఉన్మీలనకిరణం బాణంవలె పడును. అందుచేత స్థానిక నిమీలన ఉన్మీలన కాలాలు ముందుగానే వ్రాసుకొని, ఉన్మీలనానికి అరనిముషం ముందే ఒకరు హెచ్చరించేటట్లు ఏర్పాటు చేసుకొనవలెను.

ఇది పూర్ణచ్ఛాయలో నిలిచినవారికి మాత్రమే. 2027 ఛాయామార్గం వెడల్పు సుమారు 258 కిలోమీటర్లు. మధ్యరేఖ దగ్గర ఆరు నిముషాలు దాటును, అంచుకు పోయినకొద్దీ సెకన్లకు తగ్గిపోవును. కైరో, రియాద్, దుబాయి ఆ మార్గంలో లేవు, అక్కడివారికి పాక్షికమే. లక్సర్, జెడ్డా, మక్కా మార్గంలో ఉన్నవి. కైరోలో బస చేసి అక్కడినుండే చూస్తే సరిపోవుననుకొని ప్రయాణం నిశ్చయించుకొన్నవారు మార్చుకొనవలెను. మన దేశంలో అది పాక్షికగ్రహణమే కనుక, కనబడిన ఊళ్ళలో స్పర్శ నుండి మోక్షం వరకు ఒక్క క్షణమైనా అద్దం తీయరాదు. సూర్యుడు పడమటికి వాలి ఎర్రబడినాడు గదా అని వట్టికంటితో చూచుట కూడ తగదు.

లక్సర్ వెళ్ళేవారికి మరి రెండు మాటలు. అక్కడ పూర్ణగ్రాసవేళ సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండును. మెడ ఎత్తి గంటలతరబడి చూడలేరు. చాపవేసుకొని వెల్లకిల పడుకొని చూచుట మేలు. ఆగస్టు నెలలో అక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుట సామాన్యం. మేఘభయం తక్కువ, వడదెబ్బ భయం ఎక్కువ. సూర్యగ్రహణానికి నాలుగు యామాల ముందునుండి భోజననిషేధం చెప్పబడినది. స్పర్శ మధ్యాహ్నానికి ముందే కనుక ముందు రాత్రి నుండే వేధ పట్టును. ఆరోగ్యవంతులు రాత్రి భోజనం త్వరగా ముగించి పాటింపవచ్చును. బాలవృద్ధాతురులకు ఆ నియమం ఒకటిన్నర యామమే అని, మరొక పక్షంలో మూడు ముహూర్తాలే అని నిబంధకారులు సడలించినారు. గర్భిణులను నేను ఈ కోవలోనే చేరుస్తాను. నీటి విషయంలో నా మాట నిస్సందేహం. ఎడారి ఎండలో నిలిచినవారు, ఎవరైనా సరే, దాహమైనప్పుడు నీరు త్రాగవలెను. దర్భ వేసిన పాత్రలో నీరు వెంట ఉంచుకొనండి. ఉపవాసంతో సొమ్మసిల్లి పడినవానికి జపం కుదరదు, దర్శనం కుదరదు, వెంట వచ్చినవారికి కూడ కుదరనీయడు.

జపం ఎప్పుడని కొందరి సందేహం. స్పర్శస్నానం చేసి, స్పర్శ నుండి నిమీలనం వరకు ఉన్న గంటకు పైబడిన కాలంలో గాయత్రియో, ఉపదేశం పొందిన మంత్రమో, ఆదిత్యహృదయమో చేసుకొనండి. మధ్యమధ్య అద్దంతో చూడండి. ఆ ఆరు నిముషాలలో మాల చేతపట్టి కళ్ళు మూసుకొని కూర్చొనుమని నేను చెప్పను. పట్టపగలు ఆకాశంలో గ్రహాలు, తారలు వెలువడి, దిగంతమంతా సంధ్యారాగం చుట్టుకొని, నడుమ నల్లని బింబం చుట్టూ ఆ శ్వేతప్రభ నిలిచినప్పుడు, మనస్సు మంత్రంలో ఉంచి కళ్ళు తెరచి చూచుట కూడ ఉపాసనయే. ఫోను తీసి చిత్రాలు పట్టుటలో ఆ కాలం గడపకండి. మీకంటె బాగా పట్టేవారు వేలమంది అక్కడ ఉందురు. మోక్షానంతరం విడుపుస్నానం, యథాశక్తి దానం. నైలునదిలో స్నానానికి స్థానికుల సలహా లేకుండా దిగవద్దు. బసలోని స్నానం చాలును, గ్రహణకాలంలో సమస్తజలం గంగాసమమని గదా మనవారి మాట.

జెడ్డాలో ఉన్న మనవారు తమ అనుష్ఠానాన్ని ఇంటిలోపలనే నిరాడంబరంగా చేసుకొనవలెను. అక్కడి ముస్లిములకు కూడ సూర్యగ్రహణవేళ ప్రత్యేక ప్రార్థన విధింపబడియున్నది. ఆ ఆరు నిముషాలు నగరం నగరమే తలవంచి నిలుచును. కుమారుని వద్దకు వెళ్ళవలెనా అని అడిగిన తల్లికి, తప్పక వెళ్ళండి, కళ్ళజోళ్ళు ఇక్కడినుండే నమ్మకమైనవి కొనుక్కొని వెళ్ళండి అని చెప్పితిని.

ఆలయాల విషయం. గ్రహణకాలంలో కవాటబంధనం చేయుట మన ఆలయాలలో పరిపాటి. శ్రీకాళహస్తిలో మాత్రం గ్రహణవేళ కూడ ఆలయం తెరచియుంచి అభిషేకాలు జరుపుట ప్రసిద్ధం. ఆగమభేదాన్ని బట్టి ఏ క్షేత్రానికి ఆ మర్యాద. దానిని మార్చుమనుట లేదు. తలుపులు మూసిన తరువాత అర్చకునికి మూడు నాలుగు గంటలు తీరికే. ఆ సమయంలో ఆలయ ప్రాంగణం వెలుపల రావిచెట్టు క్రింద ఒక తెల్లని వస్త్రం పరచి, ఊరి పిల్లలను పిలిచి, ఆకుసందుల నెలవంకలను చూపించుటకు ఏ ఆగమం అడ్డురాదు. గ్రహణకాలపట్టిక వ్రాసే బోర్డుపైననే, స్పర్శమోక్షాల క్రింద, వట్టికంటితో చూడరాదని, పసుపునీటిలో చూడరాదని, ఎక్సరే ఫిల్ము వాడరాదని మూడు పంక్తులు చేర్చుటకు సుద్దముక్క చాలును. మా ఆలయంలో ఆ మూడు పంక్తులు వ్రాయించదలచినాను. సాటి అర్చకులను కూడ ఇదే కోరుతున్నాను. రాశులవారీగా శాంతులు చేయించుకొనవలసినవారి జాబితా పెట్టుటకు మనకు చోటు దొరుకుచున్నది గదా.

గ్రహణాలకు ఒక ఆవృత్తి కలదు: పద్దెనిమిది సంవత్సరాల పదకొండు దినాలు, మీద సుమారు ఎనిమిది గంటలు. 2009 జులై 22న కాశీలో గంగాతీరాన వేలాదిమంది స్నానం చేస్తూ చూచిన ప్రాతఃకాల సంపూర్ణ గ్రహణమే ఈ లెక్కన 2027 ఆగస్టు 2న లక్సర్ మీదికి వస్తున్నది. ఆ ఎనిమిది గంటలలో భూమి మూడవ వంతు తిరుగుటచేత ఛాయ పడమటికి జరిగినది. కాశీలో చూచినవారెవరైనా ఇది చదువుతుంటే, అది ఇదే పరంపరలోనిదని గమనింపగలరు.

ప్రయాణం చేయలేనివారికి మన దేశంలో తరువాతి సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న, ఉత్తరాన లద్దాఖ్ ప్రాంతంలో. అంతకుముందు 2031 మే 21న కేరళ, తమిళనాడు ప్రాంతాలలో కంకణ గ్రహణమున్నది. మధుర మీనాక్షి యాత్ర చేయదలచినవారు ఆ తేదీని చూచుకొనవచ్చును. కంకణ గ్రహణంలో నిమీలనం లేదు, బింబపు అంచు ఉంగరమై మిగిలే ఉండును, కనుక ఆదినుండి అంతం వరకు అద్దం తీయరాదు. 2027లో కొన్న కళ్ళజోళ్ళను గీత పడకుండా, మెత్తని గుడ్డలో చుట్టి, పంచాంగం పెట్టే అరలోనే ఉంచండి. అప్పటికి మళ్ళీ వెలుగుకు పట్టి చిల్లులు లేవని పరీక్షించిన తరువాతనే పిల్లల చేతికి ఇవ్వండి.